కణాలు ‘ఒకరితో ఒకరు’ కలిసిపోతాయా?

సందేహం: కప్ప చర్మం గురించి పాఠం రాస్తూ ‘కణాలు ఒకరితో ఒకరు కలిసిపోయి, అయాన్లను ఇచ్చిపుచ్చుకుంటాయి’ అన్నాను. ఈ వాక్యం సరైనదేనా?

సమాధానం: ‘ఒకరు’ మనుషులకు, దేవతలకు చెల్లుతుంది. కణం అమహత్తు, అంటే మనిషీ దేవతా కానిది, కాబట్టి ‘ఒకదానితో ఒకటి’ అనాలి. ‘ఒకటితో ఒకటి’ అనీ ఈమధ్య రాస్తున్నారు, అదీ తప్పే. వస్తువును చెప్పేటప్పుడు విభక్తి ముందు అది ‘ఒకదాని’ అవుతుంది. అంకె అయితేనే మారదు: పదిని ఒకటితో భాగించు, ఒకటికి రెండుసార్లు చూసుకో.

అసలు చిక్కు ‘కలిసిపోయి’తోనే, ఎందుకంటే అది విషయాన్నే మార్చేస్తుంది. పాలల్లో నీళ్లు కలిసిపోతే మళ్లీ విడదీయలేం. కప్ప చర్మంలో ఏ కణానికాకణమే. 1965లో మేరిలిన్ ఫార్కర్, జార్జ్ పలాడే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఈ చర్మాన్ని పరిశీలించి, కణాల మధ్య అతుకులు రకరకాలుగా ఉంటాయని వివరించారు. క్రియ కూడా ఆ రకాన్ని బట్టే ఉండాలి.

పైనున్న సజీవ కణాల వరుసలో టైట్ జంక్షన్లు ఉంటాయి. అక్కడ కణాలు ‘బిగుసుకుని’ ఉంటాయి, సందుల్లోంచి లవణాలు కారిపోవు. డెస్మోసోములనే మరో రకం అతుకుల దగ్గర కణాల మధ్య సుమారు 25 నానోమీటర్ల ఎడం ఉంటుంది. కణం లోపలి కెరటిన్ అనే ప్రోటీన్ పోగుల దన్నుతో కణాలు ‘పట్టుకుని’ ఉంటాయి. కాల్షియం తీసేస్తే ఆ పట్టు సడలుతుంది.

గ్యాప్ జంక్షన్ అనే అతుకు వేరు. ఎడం 2 నుంచి 4 నానోమీటర్లే. ఒక్కో కణం ఆరేసి కనెక్సిన్ ప్రోటీన్లతో సగం గొట్టం కడుతుంది, రెండు సగాలు ఎదురెదురుగా అతికితే దారి ఏర్పడుతుంది. అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు, అణువులు), సుమారు 1000 డాల్టన్ల (డాల్టన్ అంటే అణువుల బరువును కొలిచే ప్రమాణం) లోపు అణువులు అందులోంచి వెళతాయి, ప్రోటీన్లు వెళ్లలేవు. కణం దెబ్బతిని లోపల కాల్షియం బాగా పెరిగితే ఈ దారి మూసుకుపోతుంది, పక్క కణాలు బతికిపోతాయి.

సంకేతాల గురించి రాసేటప్పుడు ‘ఇచ్చిపుచ్చుకుంటాయి’ చక్కగా సరిపోతుంది. కానీ మీరు అయాన్లన్నారు. నీళ్లలోంచి పై కణాల్లోకి చేరే సోడియం (అదీ అయానే) ఈ గ్యాప్ జంక్షన్ల గుండా మొత్తం మీద లోపలివైపుకే సాగుతుంది, అక్కడి పంపులు దాన్ని రక్తం వైపు తోడేస్తాయి. ‘పుచ్చుకోవడం’ ఉంది గానీ తిరిగి ‘ఇవ్వడం’ లేదు. అందుకని ‘సోడియం పై కణం నుంచి కింది కణానికి అందుతుంది’ అని రాయండి.