ముందు నీ వాక్యాన్నే ప్రశ్నించు

చిరంజీవికి ఆశీస్సులు.

న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్, అంటే మాటతీరును గమనించి మార్చుకోవడం ద్వారా ఆలోచననూ ప్రవర్తననూ మార్చుకోవచ్చనే పద్ధతి, నేర్చుకోవాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. 1970లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటాక్రజ్ ప్రాంగణంలో రిచర్డ్ బ్యాండ్లర్, భాషాశాస్త్రవేత్త జాన్ గ్రైండర్ కలిసి, ఫ్రిట్జ్ పెర్ల్స్, వర్జీనియా సటైర్, మిల్టన్ ఎరిక్సన్ వంటి పేరుపొందిన మానసిక చికిత్సకుల మాటతీరును పరిశీలించి ఈ పద్ధతికి రూపమిచ్చారు. ఇందులో నీవు మొదట పట్టుకోవలసింది 'మెటా మోడల్' అనే ప్రశ్నల పద్ధతి. మనం మాట్లాడేటప్పుడు కొంత వదిలేస్తాం, కొంత వక్రీకరిస్తాం, ఒకటి రెండు అనుభవాలను లోకమంతటికీ అంటగడతాం. వదిలేసినదాన్ని ప్రశ్నతో తిరిగి రాబట్టడం, వక్రీకరించినదాన్నీ అంటగట్టినదాన్నీ సరిచూడటం దాని పని.

ఒకసారి నా సహోద్యోగి ఒకరు "నా మాట ఎవరూ వినరు" అని బాధపడ్డారు. ఎవరు వినలేదని, ఎప్పుడని మెల్లగా అడిగాను. చాలాసేపు మౌనంగా ఉండి, ముందురోజు సమావేశంలో తాను మాట్లాడుతుండగానే ఇద్దరు లేచి వెళ్లిపోయారని చెప్పారు. అంతవరకు లోకమంతా తనకు ఎదురు నిలిచిందనుకున్న మనిషి, మరునాడు ఆ ఇద్దరితో మాట్లాడటానికి సిద్ధమయ్యారు. అయితే ఇవే ప్రశ్నలను దుఃఖంలో ఉన్న మరొకరిని విచారణాధికారిలా అడిగి, ఆమె నోరు మూయించిన తప్పు కూడా నేను చేశాను. అందుకే ముందు వినడం నేర్చుకో.

మాటకు ఎంత బలముందో తెలియాలంటే ఈ రంగానికి బయట, 1974లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ ప్రచురించిన ప్రయోగాన్ని చదువు. కార్ల ప్రమాదాల దృశ్యాలను చూపి, అవి "ఢీకొని నుజ్జయినప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని అడిగితే సగటున గంటకు దాదాపు 41 మైళ్లన్నారు. "తాకినప్పుడు" అని అడిగితే 32 మైళ్లన్నారు.

ఈ పద్ధతి పేరు చెప్పి, కళ్లు ఏ వైపు తిరిగాయో చూసి అబద్ధాన్ని పసిగట్టవచ్చనేవారిని మాత్రం నమ్మకు; 2012లో వెలువడిన ప్రయోగాల్లో ఆ మాట నిలబడలేదు. ఒక్క పూటలో భయాన్నీ కుంగుబాటునూ పోగొడతామనే శిక్షకులకు దూరంగా ఉండు. అటువంటి బాధకు అర్హత గల వైద్యుల దగ్గరకే వెళ్లాలి.

ఒక వారం పాటు రోజూ రాత్రి, ఆ రోజు నీ నోట వచ్చిన "ఎప్పుడూ", "ఎవరూ", "నా వల్ల కాదు" వంటి మాటలున్న మూడు వాక్యాలు రాసుకుని, ఒక్కోదాని కింద ఎవరు, ఎప్పుడు, ఏది అడ్డుపడింది అన్న ప్రశ్నలకు నిజమైన జవాబులు రాయి. ఏ మాట ఎక్కువసార్లు ఎదురైందో వచ్చే ఉత్తరంలో తెలియజేయి.