బ్లాక్ అండ్ వైట్ అంటే పారిపోయే పిల్లలకు

మీ పదేళ్ల బాబు ‘మాయాబజార్’ (1957) పెట్టిన కాసేపటికే లేచి వెళ్లిపోయాడని రాశారు కదండీ, టెన్షన్ పడకండి. ముందు ‘ఆదిత్య 369’ (1991) చూపించండి. రంగుల సినిమా, పైగా టైమ్ మెషిన్, కృష్ణదేవరాయల కొలువు. దాన్ని తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు ‘మాయాబజార్’కి కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసినవారే.

ఆ తర్వాత ‘మాయాబజార్’ మొదటి నుంచి పెట్టొద్దు. నిడివి మూడు గంటలు. ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు గారు వచ్చేసరికి పిల్లల ఓపిక అయిపోతుంది. ఆయన వచ్చిన దగ్గరే మొదలుపెట్టండి. లడ్డూలు వాటంతటవే నోట్లోకి వెళ్తుంటే రంగు ఏదని ఏ పిల్లాడూ అడగడు. నాకైతే అంతకన్నా సావిత్రి గారే ఎక్కువ ఇష్టం. మాయా శశిరేఖగా, అంటే శశిరేఖ రూపంలోకి మారిన ఘటోత్కచుడిగా, ఆ మెత్తటి ముఖంలోంచే ఘటోత్కచుడి పొగరు చూపించి, పెళ్లిపీటల మీద పెళ్లికొడుకు రేలంగి గారి కాలు తొక్కే చోటు చూడండి!

2010లో వచ్చిన రంగుల ప్రతి కూడా ఉంది. బాబు మరీ మొండికేస్తే అది పెట్టండి గానీ, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ తీసిన వెన్నెల మాత్రం నలుపు తెలుపులోనే బాగుంటుంది. తర్వాత ‘గుండమ్మ కథ’. ‘దేవదాసు’ జోలికి ఇప్పుడే వెళ్లకండి.