పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: ఆర్మీ ర్యాలీకి పరుగు సాధన

ప్రశ్న: నా వయసు 19 ఏళ్లు. మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి పల్లెటూరు. ఇంటర్ పూర్తి చేసి, అగ్నివీర్‌గా ఎంపిక కావాలని సిద్ధమవుతున్నాను. రెండు నెలలుగా రోజూ తెల్లవారుజామున మా హైస్కూలు గ్రౌండులో ఎనిమిది రౌండ్లు, అంటే 1.6 కిలోమీటర్లు, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి పరిగెడుతున్నాను. మొదట్లో 7 నిమిషాల 40 సెకన్లు పట్టేది. ఇప్పుడు 7 నిమిషాల 15 సెకన్ల దగ్గర ఆగిపోయాను. మూడో రౌండుకే దమ్ము సరిపోవడం లేదు. పైగా రెండు వారాలుగా మోకాళ్ల కింద, ముందు ఎముకల వెంబడి నొప్పిగా ఉంటోంది. నొప్పిని పట్టించుకుంటే ఆర్మీకి పనికిరావని మా ఊరి అన్నలు అంటున్నారు. ర్యాలీకి ఇంకా ఆరు నెలల దాకా సమయం ఉండవచ్చు. నేను సాధన ఎలా చేయాలి?

సమాధానం: ఆరు నెలలు మంచి వ్యవధి. ఇప్పుడు చేస్తున్న పద్ధతినే కొనసాగిస్తే మాత్రం ర్యాలీ నాటికి మీకు మిగిలేది నొప్పే. ముందుగా మీరు అందుకోవలసిన లెక్క చూద్దాం. 2025 నోటిఫికేషన్ ప్రకారం 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేసినవారికి 60 మార్కులు, 5 నిమిషాల 45 సెకన్లలోపు అయితే 48, 6 నిమిషాలలోపు అయితే 36, 6 నిమిషాల 15 సెకన్లలోపు అయితే 24 మార్కులు వస్తాయి. మీ ర్యాలీకి వర్తించే నోటిఫికేషన్‌లో ఈ పట్టికను తప్పక సరిచూసుకోండి. ప్రతి 400 మీటర్లకు మీకిప్పుడు సుమారు 109 సెకన్లు పడుతోంది. 24 మార్కులకైనా దాన్ని 93 సెకన్లకు తగ్గించాలి, 60 మార్కులకైతే 82 సెకన్లకు తేవాలి. ఇంత తేడాను పట్టుదల ఒక్కటే పూడ్చలేదు. అందుకు శరీరం లోపల కొన్ని మార్పులు జరగాలి, వాటికి సమయమూ సరైన సాధనా కావాలి.

ఈ లెక్కలన్నీ గ్రౌండు కొలతపై ఆధారపడి ఉంటాయి కాబట్టి, ముందు టేపు తీసుకుని మీ గ్రౌండును ఒకసారి కొలవండి. హైస్కూలు గ్రౌండుల్లో రౌండు 200 మీటర్లు ఉంటుందని అందరూ అనుకోవడమే కానీ కొలిచినవారు తక్కువ. రౌండుకు 10 మీటర్లు తక్కువైతే ఎనిమిది రౌండ్లకు 80 మీటర్లు తగ్గుతాయి. 5 నిమిషాల 30 సెకన్ల వేగంతో చూసినా అది 16 సెకన్ల తేడా, అంటే మార్కుల పట్టికలో ఒక మెట్టు కిందికి జారిపోయేంత.

ఇక దమ్ము విషయం. ఐదారు నిమిషాలు సాగే పరుగులో శరీరానికి కావలసిన శక్తిలో అధిక భాగం, దాదాపు ఐదింట నాలుగు వంతులు, ఆక్సిజన్ సాయంతోనే తయారవుతుంది. గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలగడం, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరగడం, కండర కణాలు ఆ ఆక్సిజన్‌ను బాగా వాడుకోగలగడం అనే మూడు మార్పులు కలిస్తేనే మనం దమ్ము అని పిలిచేది పెరుగుతుంది. ఈ మార్పులకు పునాది వేసేది నిదానంగా, ఎక్కువసేపు పరిగెత్తే పరుగు. మీరు రోజూ ఏడు నిమిషాలు మాత్రమే, అదీ పూర్తి శక్తితో, పరిగెత్తుతున్నారు. అంటే రోజూ పరీక్ష రాస్తున్నారే తప్ప ఒక్క రోజూ పాఠం చదవడం లేదు. తొలి వారాల్లో తగ్గిన 25 సెకన్లు కొత్తగా మొదలుపెట్టిన ప్రతివారికీ తగ్గేవే. ఆ తర్వాత ఆగిపోవడం మీ చేతకానితనం కానే కాదు.

నిదానం అంటే ఎంత నిదానమో చెప్పడానికి గడియారం అక్కరలేదు. పరిగెడుతూ పక్కనున్న స్నేహితుడితో ఆయాసపడకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఆ వేగం సరైనది. రెండు మాటలకే ఊపిరి అందకపోతే ఇంకా తగ్గించాలి, అవసరమైతే నడవాలి. మొదట్లో ఈ వేగం మీకు అవమానంగా అనిపించవచ్చు, గ్రౌండులో మీకంటే చిన్నవాళ్లు దాటిపోతారు. దాటిపోనివ్వండి.

సాధన మొదలుపెట్టే ముందు కాళ్ల నొప్పి సంగతి తేల్చుకోవాలి. ఈ విషయంలో మీ ఊరి అన్నల సలహాతో నేను ఏకీభవించను. వారి అనుభవానికి గౌరవం ఇస్తూనే చెబుతున్నాను. ఎముక నొప్పిని ఓర్చుకుని పరిగెత్తి, ఎముక చిట్లి, ర్యాలీకే వెళ్లలేకపోయిన కుర్రాళ్లు ఉన్నారు. కొత్తగా పరుగు మొదలుపెట్టినవారికి గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే అలవాటు పడతాయి కానీ ఎముకలకు నెలలు పడుతుంది. పదేపదే దెబ్బ తగిలే చోట ఎముక ముందు తన పాత పదార్థాన్ని కరిగించుకుని, ఆ తర్వాతే కొత్తది పేర్చుకుంటుంది. ఈ రెండింటి నడుమ, అంటే తొలి ఒకటి రెండు నెలల్లో, ఆ చోటు మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. మీరు సరిగ్గా ఆ దశలోనే ఉన్నారు.

ఇంట్లోనే ఒక చిన్న పరిశీలన చేసుకోండి. మంచం మీద కూర్చుని, బొటనవేలితో మోకాలి కింది నుంచి చీలమండ దాకా ముందు ఎముక లోపలి అంచును అంగుళం అంగుళంగా నొక్కుతూ రండి. జానెడు పొడవునా నొప్పి పరుచుకుని ఉండి, నడుస్తుంటే తగ్గుతూ, పరుగు మొదలుపెట్టగానే మళ్లీ వస్తుంటే, అది ఎక్కువ పనిచేయించినందుకు కండరం, ఎముక కలిసే చోట వచ్చిన బాధ కావచ్చు. రెండు మూడు వారాలు పరుగు ఆపి, సైకిలు తొక్కడం, ఈత, నడకలతో దమ్మును నిలబెట్టుకుంటే చాలామందికి తగ్గుతుంది. అలా కాకుండా ఒకే ఒక్క చోట, వేలి కొనంత మేర, ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, ఆ కాలి మీద ఒంటికాలితో గెంతలేకపోతున్నా, రాత్రి పడుకున్నప్పుడూ సలుపుతున్నా, ఎముకలో సన్నని పగులు ఉందని అనుమానించాలి. అప్పుడు వెంటనే పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. ఇలాంటి పగులు మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి, ఎక్స్‌రే బాగుంది అనగానే మళ్లీ గ్రౌండుకు వెళ్లకండి. నొప్పి ఉందని డాక్టరుకు మళ్లీ చెప్పండి. పగులే అయితే ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతి అవసరం కావచ్చు. మీకున్న ఆరు నెలల్లో అంత సమయం కేటాయించవచ్చు, కానీ ర్యాలీకి నెల ముందు కేటాయించలేరు.

నొప్పి పూర్తిగా తగ్గాక రోజు విడిచి రోజు, అంటే వారానికి మూడు లేదా నాలుగు రోజులు, గ్రౌండుకు వెళ్లండి. వరుసగా రెండు రోజులు పరిగెత్తవద్దు. మొదటి వారం రెండు నిమిషాల నిదానపు పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున అరగంట చేయండి. వారం వారం పరుగును ఒక్కో నిమిషం పెంచుతూ, నడకను తగ్గిస్తూ పోతే రెండో నెల చివరికి అరగంట ఆగకుండా పరిగెత్తగలుగుతారు. ప్రతి నాలుగో వారం పరుగును మూడో వంతు తగ్గించండి, ఎముక కొత్త పదార్థం పేర్చుకునే అవకాశం అప్పుడే దొరుకుతుంది. చిన్న గ్రౌండులో ఎప్పుడూ ఒకే వైపు తిరిగితే మలుపుల్లో భారమంతా ఒకే తీరుగా పడుతుంది కాబట్టి నిదానపు పరుగులో దిశ మారుస్తూ ఉండండి. సిమెంటు రోడ్డు కంటే మట్టిబాట మేలు. సముద్రపు ఒడ్డున పొడి ఇసుకలో పరుగు బలాన్నిస్తుందని చాలామంది అంటారు. మీకు ఇప్పుడు అది వద్దు, పిక్కల మీద, మడమ వెనుక నరం మీద భారం ఎక్కువవుతుంది. బూట్లకు పెద్ద ఖర్చు పెట్టనవసరం లేదు కానీ పాదానికి సరిపోయే రన్నింగ్ బూట్లే కొనండి, అడుగు ఒక పక్కకు అరిగిపోతే మార్చండి.

మూడో నెల నుంచి వారంలో ఒక్క రోజు, ఒక్క రోజు మాత్రమే, వేగం మీద పనిచేయండి. పది నిమిషాలు నిదానంగా పరిగెత్తి ఒళ్లు వేడెక్కాక 400 మీటర్లు పరిగెత్తండి, రెండు నిమిషాలు నడవండి, మళ్లీ పరిగెత్తండి. మొదట నాలుగుసార్లు, తర్వాత ఐదు, ఆరు. అప్పటికి మీ 1.6 కిలోమీటర్ల సమయం 6 నిమిషాల 30 సెకన్లు అనుకుంటే, ఒక్కో 400 మీటర్లను 94 లేదా 95 సెకన్లలో పూర్తి చేయండి. అన్నీ ఒకే సమయంలో రావడమే ఇందులో అసలు సాధన. మొదటిది 80 సెకన్లలో వచ్చి చివరిది 105కు పడిపోతే ఆ రోజు సాధన వృథా అయినట్టే. నాలుగో నెలలో అప్పుడప్పుడూ 800 మీటర్లు మూడుసార్లు చేయవచ్చు. పూర్తి 1.6 కిలోమీటర్లను సమయం చూసుకుని పరిగెత్తడం మాత్రం మూడు, నాలుగు వారాలకు ఒకసారి చాలు.

పరుగు లేని రోజుల్లో రెండుసార్లు బలం మీద దృష్టి పెట్టండి. మెట్టు అంచున నిలబడి మడమలు పైకి లేపి మెల్లగా దించడం, గుంజీలు, బీము (పైన అడ్డంగా ఉండే కడ్డీ) పట్టుకుని ఒంటిని పైకి లాగడం చేయండి. ర్యాలీలో పరుగు తర్వాత బీములు, తొమ్మిది అడుగుల గుంట దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ (వంకరటింకరగా ఉండే సన్నని దిమ్మె మీద పడిపోకుండా నడవడం) ఉంటాయి. పది బీములకు 40 మార్కులు ఉన్నాయని మరిచిపోయి పరుగు మీదే ఉండేవారు చాలామంది. అలసిన చేతులతో బీము పట్టుకోవడం వేరే విద్య కాబట్టి అప్పుడప్పుడూ పరుగు అయిన వెంటనే బీములు చేసి చూడండి.

ర్యాలీ రోజున చాలాచోట్ల పరుగు చీకటి ఉండగానే మొదలవుతుంది, పెద్ద గుంపుతో కలిసి బయలుదేరాలి. ఆ తోపులాటలో అందరూ మొదటి 200 మీటర్లు విపరీతమైన వేగంతో దూసుకుపోతారు. మీరు కింద పడకుండా, నెమ్మదిగా సందు చూసుకుంటూ, మొదటి 400 మీటర్లను మీరు అనుకున్న సమయం కంటే రెండు మూడు సెకన్లకు మించి వేగంగా రాకుండా చూసుకోండి. మలుపుల్లో ఒక లేన్ (పరుగు వరుస) బయటికి జరిగి పరిగెడితే రౌండుకు ఏడు మీటర్లకు పైగా అదనంగా పరిగెత్తినట్టే. దాటడం ఏదైనా ఉంటే తిన్నని దారిలో దాటండి.

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లా. మా అమ్మాయికి 18 ఏళ్లు. ఆర్మీలో మహిళా మిలిటరీ పోలీసు విభాగానికి వెళ్తానని రోజూ పరిగెడుతోంది. నెలరోజులుగా కొద్ది దూరానికే గుండె దడదడలాడుతోందని, కళ్లు తిరుగుతున్నాయని అంటోంది. రెండు నెలలుగా బహిష్టు కూడా రావడం లేదు. సాధన ఎక్కువై ఇలా అవుతోందా?

సమాధానం: సాధన ఆపించి ముందుగా డాక్టరుకు చూపించండి. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. గర్భవతులు కాని స్త్రీలకు డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతగా పరిగణిస్తారు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబినే కాబట్టి అది తక్కువగా ఉన్నప్పుడు ఎంత పట్టుదలగా పరిగెత్తినా దమ్ము పెరగదు. ఈ కారణంగా తమకు పరుగు రాదనుకుని మానేసిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారన్నది నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం. ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదులోనే, చెప్పినన్ని నెలలు వాడాలి. భోజనం అయిన వెంటనే టీ తాగితే తిన్న ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. టీ గంట తర్వాత తాగమనండి, పప్పులో, కూరలో నిమ్మరసం పిండమనండి.

బహిష్టు ఆగిపోవడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. దానికి వేరే కారణాలు ఉండవచ్చు, వాటిని డాక్టరు చూస్తారు. పరిగెత్తే పిల్లల్లో తరచూ కనిపించే కారణం మాత్రం ఖర్చయినంత తిండి తినకపోవడం. బరువు పెరుగుతానేమోనని రాత్రి భోజనం మానేస్తోందేమో మెల్లగా అడిగి తెలుసుకోండి. ఇలా కొనసాగితే ఎముకలు పలచబడి, పైన చెప్పిన పగుళ్లు త్వరగా వస్తాయి. పరుగుకు ముందు అరటిపండు, వచ్చాక గుడ్లు లేదా పెసలు, శనగలు, మధ్యాహ్నం, రాత్రి కడుపునిండా అన్నమో జొన్నరొట్టెలో, మధ్యలో గుప్పెడు పల్లీలు, రోజుకు రెండుసార్లు పాలో పెరుగో ఉండేలా చూడండి. 1.6 కిలోమీటర్లను ఆమె 8 నిమిషాలలోపు పూర్తి చేయాలి, 7 నిమిషాల 30 సెకన్లలోపు అయితే పై గ్రూపులో, అంటే మెరుగైన సమయం సాధించినవారిలో, చేరుతుంది. రక్తం సరిపడా ఉండి, తిండి సరిగా ఉంటే ఇది చాలామంది అమ్మాయిలకు అందే లక్ష్యమే.

ప్రశ్న: మాది ఖమ్మం. ఎండాకాలంలో సాధన ఎలా చేయాలి? పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకుంటే తేలిగ్గా ఉంటుందని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారి 5 గంటలకు మొదలుపెట్టి 6:30 లోపు ముగించండి. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, అందాకా వేగం పెట్టవద్దు. ఉప్పు వేసిన మజ్జిగ గానీ ఓఆర్‌ఎస్ గానీ తాగండి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఆ రోజు నీళ్లు చాలలేదని అర్థం. నొప్పి మాత్ర మాత్రం వద్దు. ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో అలాంటి మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి, పైగా ఆగమని చెప్పే నొప్పిని మాత్ర కప్పేస్తుంది. బలానికంటూ ఎవరైనా ఇచ్చే ఇంజెక్షన్ల జోలికి అసలు పోవద్దు. పరిగెడుతున్న మిత్రుడు తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ ఉంటే దాన్ని వడదెబ్బగా భావించి, వెంటనే నీడకు తీసుకుపోయి, చొక్కా విప్పి, దొరికినన్ని చల్లటి నీళ్లు ఒంటి మీద పోస్తూ, గాలి విసురుతూ 108కు ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్లు పోయకండి. అంబులెన్స్ వచ్చేదాకా ఒళ్లు చల్లబరచడం ఆపకండి.