ఆర్మీ స్పేర్ పార్టుల లిమిటెడ్ టెండర్ చిన్న వర్క్‌షాపులకు ఎందుకు రాదు?

ఆటోనగర్‌లో మీకు లేత్‌లు, మిల్లింగ్ మిషన్ ఉన్నాయి, ఆర్మీ బండ్ల పిన్నులు, బుష్‌లు చేయగలరు, అయినా టెండర్ మీదాకా రావడం లేదు, "ఇదంతా ముందే మాట్లాడేసుకుంటారా?" అని అడిగారు. మీ అనుమానం సహజమేనండి, కానీ చాలావరకు కారణం వేరే.

లిమిటెడ్ టెండర్ అంటే నమోదైన సప్లయర్లకే నేరుగా పంపేది. కేంద్ర ప్రభుత్వ ఖర్చుల నియమాలైన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 162వ రూల్ ప్రకారం అంచనా విలువ ఒక హద్దు లోపయితే ఇలా కొనొచ్చు (2017లో ఆ హద్దు 25 లక్షలు, ఇప్పటిది సరిచూసుకోండి), పిలిచే సంస్థలు మూడు కంటే ఎక్కువ ఉండాలి. విలువ అంతకు మించినా, ఆ సరుకు చేసేవాళ్లెవరో ఖాయంగా తెలిసి కొత్తవాళ్లు దొరికే అవకాశం లేదనుకుంటే మళ్లీ ఇదే పద్ధతి. ఒక్క కంపెనీయే చేసే పార్టయితే ప్రొప్రైటరీ సర్టిఫికెట్ రాసి వాళ్ల దగ్గరే తీసుకుంటారు, వాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి.

అందుకే టెండర్ పడ్డాక ఆఫీసుల చుట్టూ తిరిగితే లాభం లేదు, ముందు కొనే విభాగం సప్లయర్ల జాబితాలో మీ పేరుండాలి. ఆ పేరు ఎక్కాలంటే పార్టు బాగుంటే చాలదు, కాగితం కూడా బాగుండాలి. మేము ఈఎన్24 స్టీలు పిన్నుల శాంపిల్ ఇచ్చినప్పుడు ఇన్‌స్పెక్టర్ గారు మైక్రోమీటర్ పెట్టి ఒక్కొక్కటీ చూశారు, కొలతలన్నీ డ్రాయింగ్ ప్రకారమే ఉన్నాయి. తర్వాత మెటీరియల్ సర్టిఫికెట్ అడిగారు. రాడ్ అమ్మినాయన ఇచ్చిన కాగితంలో హీట్ నంబరు (ఆ స్టీలు ఏ కరిగింపులో తయారైందో చెప్పే నంబరు) ఒకటి, మిగిలిన రాడ్ చివర కొట్టి ఉన్నది ఇంకొకటి. అంతే, శాంపిల్ మొత్తం వెనక్కి పంపేశారు. చాలా బాధేసింది గానీ ఆయన చేసింది న్యాయమే, లడఖ్ చలిలో ఆ పిన్ను విరిగితే బండిలో ఉన్న జవాన్ల గతేంటి? ఇప్పుడు మేం రాడ్ కొనేచోటే నంబరు సరిచూసుకుని, ముక్క కోయించి ల్యాబ్‌లో పరీక్ష చేయించాకే లేత్ ఎక్కిస్తున్నాం.

మీరు ముందు ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు) రిజిస్ట్రేషన్, ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ మార్కెట్ జెమ్‌లో ఖాతా పూర్తి చేయండి. చిన్న పరిశ్రమలకు ఈఎండీ (టెండరుతో కట్టే డిపాజిట్) మినహాయింపు ఉంటుంది, వదులుకోవద్దు. 2020లో రక్షణ శాఖ పెట్టిన సృజన్ పోర్టల్‌లో విదేశాల నుంచి తెప్పిస్తున్న పార్టులు, వాటిని ఇక్కడే చేయించాలనుకుంటున్న సంస్థల పేర్లు ఉంటాయి, ఓపిగ్గా వెతికితే మన మిషన్ల మీద అయ్యే చిన్న పార్టులు కనపడతాయి. మచిలీపట్నం బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) మనకు దగ్గరే, వాళ్ల వెండర్ రిజిస్ట్రేషన్ సంగతి కూడా కనుక్కోండి.

డబ్బు గురించి టెన్షన్ ఉంటుంది కదా, 2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం సరుకు అంగీకరించాక 45 రోజులు దాటకుండా చెల్లించాలి, ఆలస్యమైతే ఎంఎస్‌ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. అయినా మొదటి ఆర్డరుకు అప్పు తెచ్చి కొత్త మిషన్ మాత్రం కొనకండి, ఉన్న లేత్ మీద అయ్యే పార్టుతోనే మొదలుపెట్టండి.