రేకుల ఫ్యాక్టరీ దుమ్ము, మీ నాన్న పరిహారం

తల్లీ,

మీ నాన్న ఆయాసానికి రేకుల ఫ్యాక్టరీ దుమ్మే కారణమని డాక్టరు అన్నాడన్నావు. నోటిమాట ఎక్కడా నిలవదమ్మా. అది తేదీతో సహా కాగితం మీదికి రావాలి. మిగతా పనులన్నీ దాని తర్వాతే.

రేకుల్లో కలిపే ఆస్బెస్టాస్ అనే రాతినార దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు పేరు ఆస్బెస్టాసిస్. అది దుమ్ము పీల్చిన పదేళ్లకో, ముప్పై ఏళ్లకో బయటపడుతుంది. అందుకే చాలామంది కేసు షీట్లలో టీబీ అనో, బీడీల దగ్గనో రాసి వదిలేస్తారు. ఎక్స్‌రేతో సరిపెట్టుకోకు, ఊపిరితిత్తుల్ని వివరంగా చూపే సీటీ స్కాన్, హెచ్‌ఆర్‌సీటీ తీయించు. బోర్లా పడుకోబెట్టి కూడా తీయమను. వెల్లకిలా మాత్రమే తీస్తే ఊపిరితిత్తుల అడుగున, వెనకవైపు కనిపించే మసక జబ్బుదో, పడుకున్నందువల్ల వచ్చిందో తేలదు. ఊపిరి పరీక్షలో, ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతోందో చూపే డీఎల్‌సీఓ కూడా ఉండాలి.

"ఫ్యాక్టరీలో చేశాడు" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. బస్తాలు విప్పాడా, మిక్సింగ్‌లో ఉన్నాడా, ఎండిన పైపులు లేతు మీద కోశాడా, ఏ ఏడు నుంచి ఏ ఏటిదాకా... ఇదంతా రాసిచ్చి కేసు షీట్లో ఎక్కించు. రిపోర్టులో జబ్బు పేరుతోపాటు అది పనివల్లే వచ్చిందన్న మాట కూడా ఉండాలి.

పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ (కార్మికుల బీమా) కార్డు, జీతం చీటీలు, గేటు పాసులు వెతుకు. ఏవీ దొరక్కపోతే పక్కన పనిచేసిన ఇద్దరు ముగ్గురి చేత అఫిడవిట్లు రాయించు. కాంట్రాక్టరు కింద చేసినా అసలు యజమాని బాధ్యత పోదు. కార్మికుల ఆరోగ్య రికార్డులు చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అప్పటిదాకా దాచాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాపీలు ఇమ్మని యాజమాన్యానికి అక్నాలెడ్జిమెంటుతో స్పీడ్ పోస్టు పంపు. జవాబు రాకపోయినా ఆ రసీదు పనికొస్తుంది.

ఈఎస్ఐ ఉంటే పరిహారం అక్కడి నుంచే వస్తుంది. యజమాని మీద వేరే పరిహారం కేసు నడవదు. సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో వాళ్ల మెడికల్ బోర్డు తేలుస్తుంది. తక్కువ వేశారనిపిస్తే అప్పీలు చెయ్యి. ఈఎస్ఐ లేకపోతే కార్మిక శాఖలో పరిహారం దరఖాస్తు పెట్టు. పనివల్ల వచ్చే జబ్బుల పట్టిక అయిన, పరిహార చట్టం మూడో షెడ్యూల్లోనే ఆస్బెస్టాసిస్ ఉంది. జబ్బు తేలిన తేదీ నుంచి రెండేళ్లు దాటనివ్వకు. ఆలస్యమైతే కారణం చూపి మన్నించమని అడగొచ్చు గానీ, ఆ వాదనతోనే నెలలు గడిచిపోతాయి.

ఈలోగా ఎవరైనా కొంత డబ్బు చేతిలో పెట్టి "ఇక ఏ హక్కూ లేదు" అనే కాగితం మీద సంతకం అడిగితే పెట్టనివ్వకు. అలాంటి ఒప్పందం చట్టం ముందు చెల్లదు. కానీ దాన్ని చూపించి కేసు సాగదీస్తారు. ఒరిజినల్ రిపోర్టులు, స్కాన్ సీడీలు ఎవరి చేతికీ ఇవ్వకు, జిరాక్సులే ఇవ్వు.