కెప్టెన్ సీటా, కొత్త విమానమా?

ప్రశ్న: సర్, నమస్తే. నాకు 29 ఏళ్లు, గ్రీన్‌కార్డ్ ఉంది. ఇక్కడ అమెరికాలో ఒక రీజనల్ ఎయిర్‌లైన్‌లో (పెద్ద ఎయిర్‌లైన్ల తరఫున చిన్న విమానాలు నడిపే కంపెనీ) ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కో-పైలట్‌ని, 700 గంటలు దాటాయి. ఏడాది లోపు కెప్టెన్ అప్‌గ్రేడ్ రావచ్చని సీనియర్లు అంటున్నారు. ఈలోగా ఒక లో-కాస్ట్ ఎయిర్‌లైన్ వాళ్లు ఎయిర్‌బస్ మీద ఫస్ట్ ఆఫీసర్‌గా రమ్మన్నారు, కానీ బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు) వేరే రాష్ట్రంలో. మా బావగారేమో తనకు తెలిసిన కంపెనీలో ప్రైవేట్ జెట్ నడిపే ఉద్యోగం ఉందని, జీతం బాగుంటుందని పోరుతున్నారు. నాకు మాత్రం ఎప్పటికైనా మేజర్‌లో, అంటే డెల్టా, యునైటెడ్ లాంటి పెద్ద ఎయిర్‌లైన్‌లో, చేరాలనే ఉంది. నా భార్య ఉద్యోగం డాలస్‌లో. ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ముందు బావగారి సంగతి తేల్చేద్దాం. ఆయన చెప్పింది తప్పుడు ఉద్యోగమేమీ కాదు, కొందరికి అదే హాయి. కానీ నీకు 1,000 గంటల గీత ఇంకా మిగిలి ఉంది. ఎయిర్‌లైన్‌లో కెప్టెన్ సీట్లో కూర్చోవాలంటే ముందు 1,000 గంటల ఎయిర్‌లైన్ అనుభవం ఉండాలి కదా, 2009లో బఫలో దగ్గర కాల్గన్ విమానం కూలాక 2013లో వచ్చిన నిబంధనల్లో అదీ ఒకటి. మామూలు కంపెనీ జెట్ మీద ఎగిరిన గంటలు ఆ లెక్కలోకి రావు. గీతకు 300 గంటల దూరంలో ఉన్నవాడివి ఇప్పుడు పక్కకు తప్పుకోవడం నాకు నచ్చదు.

ఇక అసలు తకరారు ఎయిర్‌బస్ ఆఫర్ దగ్గర. చాలామంది కుర్రాళ్లు ఇక్కడ విమానం సైజు చూసి టెంప్ట్ అవుతారు. నువ్వు చూడాల్సింది సీనియారిటీ నంబర్, అంటే కంపెనీలో చేరిన వరుసలో నీ స్థానం. ఏ విమానం నడుపుతావు, ఏ బేస్‌లో ఉంటావు, పండక్కి సెలవు దొరుకుతుందా, నెలంతా రిజర్వ్‌లో ఫోన్ పట్టుకుని కూర్చోవాలా, కంపెనీకి కష్టకాలం వస్తే ఫర్లోలో (ఉద్యోగం తాత్కాలికంగా ఆపేయడం) ముందు ఎవరు ఇంటికెళ్లాలి, అన్నీ ఆ నంబరే తేలుస్తుంది. అది నీ వెంట రాదు. నీ గంటలు వస్తాయి, నీ రేటింగులు (ఏ విమానం నడపొచ్చో చెప్పే అర్హతలు) వస్తాయి, నంబర్ మాత్రం పాత కంపెనీలోనే ఉండిపోతుంది. కొత్తచోట పదేళ్ల అనుభవం ఉన్న కెప్టెనైనా అందరి కింద చేరాల్సిందే. అంటే లో-కాస్ట్‌కు వెళ్తే ఒకసారి, అక్కడి నుంచి మేజర్‌కు వెళ్తే ఇంకోసారి, రెండుసార్లు అట్టడుగు నుంచి మొదలుపెడతావు. రెండోది ఎలాగూ తప్పదు, మొదటిది నిజంగా అవసరమా అన్నదే ప్రశ్న.

నా మాట అడిగితే అవసరం లేదు. ఉన్నచోటే ఉండు, అప్‌గ్రేడ్ తీసుకో. కెప్టెన్‌గా ఎగిరిన జెట్ గంటలు లాగ్‌బుక్‌లో ఉంటే మేజర్ల దగ్గర ఆ అప్లికేషన్ బరువే వేరు, ఎందుకంటే నువ్వు నిర్ణయాలు తీసుకోగలవని, ఒక సిబ్బందిని నడిపించగలవని దానికి రుజువు ఉంటుంది. పైగా లో-కాస్ట్ కంపెనీల పరిస్థితి చూస్తూనే ఉన్నావుగా, స్పిరిట్ 2024 నవంబర్‌లో ఒకసారి, 2025 ఆగస్టులో మరోసారి దివాలా రక్షణకు వెళ్లింది. అలాగని రీజనల్ భద్రమైన గూడు అనుకోకు. 2020 ఏప్రిల్‌లో ట్రాన్స్ స్టేట్స్, కంపాస్ రెండూ మూతపడ్డాయి, 2022లో ఎక్స్‌ప్రెస్‌జెట్ కూడా.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని మాత్రం జాగ్రత్తగా చదువు. అప్‌గ్రేడ్ వచ్చేదాకా ఆగి తర్వాత అప్లై చేద్దాం అని కూర్చునేవాళ్లు ఉంటారు. వద్దు. ఈ రోజే నీకు కావలసిన మేజర్లన్నిటికీ అప్లికేషన్ పెట్టు, గంటలు పెరిగినప్పుడల్లా అప్‌డేట్ చేస్తూ ఉండు. అప్‌గ్రేడ్ క్లాసుకు వారం ముందు మేజర్ నుంచి పిలుపొచ్చినా సరే, కెప్టెన్ భుజం మీది నాలుగు చారలు వదిలేసి వెళ్లిపో. 2022, 2023ల్లో మేజర్లు ఎడాపెడా తీసుకున్నాయి, 2024కల్లా నెమ్మదించాయి, తలుపు తెరిచినప్పుడు దూరినవాడిదే నంబర్. ఇక్కడ రిటైర్మెంట్ వయసు 65, 2007 చివర్లో చట్టం మార్చేదాకా 60 ఉండేది. ఏడాది ఆలస్యమైతే పోయేది మొదటి ఏడాది చిన్న జీతమే కదా అనుకుంటారు. కాదు, పోయేది చివరి ఏడాది, లిస్టు పైన ఉండి, వైడ్‌బాడీ (పెద్ద విమానం) కెప్టెన్‌గా, కోరుకున్న ట్రిప్పులు ఎంచుకుని ఎగిరే ఏడాది. ఆ లెక్క వేసుకుంటే ఎవరికైనా కాస్త టెన్షన్ పడుతుంది, పడాలి కూడా.

మీ కంపెనీ ఏదో రాయలేదు. ఎన్వాయ్, పీడ్‌మాంట్, పీఎస్‌ఏ లాంటి అమెరికన్ సొంత రీజనల్ అయితే ఫ్లో ఉంటుంది, అంటే నీ వంతు వచ్చినప్పుడు అటు వెళ్లిపోవచ్చు. కానీ ఆ వంతు ఎప్పుడొస్తుందో పైన అమెరికన్ ఎంతమందిని తీసుకుంటుందనే దానిమీద ఉంటుంది, కాబట్టి ఫ్లో ఉందని బయట అప్లికేషన్లు మానేయకు.

ఇల్లు డాలస్ అన్నావు కాబట్టి ఇంకో మాట. పైలట్లు జీతం గురించి మాట్లాడినంతగా కమ్యూట్ గురించి, అంటే ఇల్లొక ఊళ్లో బేస్ ఇంకో ఊళ్లో ఉంటే చేసే ప్రయాణం గురించి, మాట్లాడరు, కాపురాలు చెడేది మాత్రం ఎక్కువగా దానివల్లే. డ్యూటీ మొదలవకముందే, జంప్‌సీట్ (విమానంలో సిబ్బందికిచ్చే అదనపు సీటు) దొరుకుతుందో లేదో తెలియకుండా, బేస్‌కు చేరడానికి సెలవు రోజు తగలేయాలి, రిజర్వ్‌లో ఉంటే మరీ దారుణం. అందుకే అమెరికన్, సౌత్‌వెస్ట్ రెండింటినీ పైన పెట్టుకో, రెండింటికీ డాలస్‌లో బేస్ ఉంది. సౌత్‌వెస్ట్‌లో అంతా బోయింగ్ 737లే, సముద్రాలు దాటే పెద్ద విమానాల మీద మోజుంటే అమెరికన్ నయం. యునైటెడ్‌కు దగ్గర్లో హ్యూస్టన్, డెల్టాకు అట్లాంటా. అవి వస్తే వద్దనమని కాదు, నీ భార్యతో ఒకసారి మాట్లాడి ఒప్పుకో. ఎయిర్‌బస్ ఆఫర్‌కూ ఇదే వర్తిస్తుంది. బేస్ డాలస్ అయ్యుంటే, మీ కంపెనీలో అప్‌గ్రేడ్ మూడేళ్లు పట్టేలా ఉంటే నేనూ వెళ్లమనేవాణ్ణి. నువ్వు చెప్పిన లెక్కల్లో మాత్రం కాదు.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి అమెరికాలో పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. ఇన్‌స్ట్రుమెంట్ చెక్‌రైడ్ (బయట కనపడనప్పుడు పరికరాల ఆధారంగా ఎగరడానికి పెట్టే పరీక్ష) మొదటిసారి ఫెయిలై రెండోసారి పాసయ్యాడు. మేజర్లు డిగ్రీ కూడా అడుగుతాయంటున్నారు, వాడు మధ్యలో ఆపేశాడు. వాడి దారి మూసుకుపోయినట్టేనా?
— ఒక తల్లి

జవాబు: లేదమ్మా, ఒక్క ఫెయిల్‌కు ఎవరూ తలుపు మూయరు. వరుసగా మూడు నాలుగైతేనే కష్టం. కానీ దాచమని మాత్రం ఎవరు చెప్పినా విననివ్వకండి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్ రికార్డ్స్ డేటాబేస్‌లో అది ఉంటుంది, ఎయిర్‌లైన్ ఉద్యోగంలోకి తీసుకునేముందు చూస్తుంది. ఫెయిల్ అయినందుకు పోని ఉద్యోగం అబద్ధం రాసినందుకు పోతుంది. ఇంటర్వ్యూలో అడిగితే ఎగ్జామినర్‌ను తిట్టకుండా, ఎక్కడ తప్పింది, తర్వాత ఏం నేర్చుకున్నాడు అన్నది రెండు నిమిషాల్లో చెప్పడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోమనండి.

డిగ్రీ సంగతంటే, డెల్టా కూడా 2022లో దాన్ని తప్పనిసరి జాబితా నుంచి తీసేసింది. అయినా ఉంటే మంచిదే. ఇద్దరు సమానంగా ఉన్నప్పుడు అది పనికొస్తుంది, రేపు ఆరోగ్యం బాగాలేక మెడికల్ సర్టిఫికెట్ పోతే ఇంకో ఉద్యోగానికీ పనికొస్తుంది. ట్రైనింగ్ ఆపి చదవనక్కర్లేదు, రీజనల్‌లో చేరాక హోటల్ గదుల్లో బోలెడంత ఖాళీ దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో పూర్తి చేయమనండి.