మౌంట్ ఎల్బర్ట్ మీద రెండు కాంటాక్టులే ఎందుకు వచ్చాయి?

హ్యామ్ రేడియో పట్టుకుని కొలరాడోలో మౌంట్ ఎల్బర్ట్ (4,401 మీటర్లు) ఎక్కితే యాంటెన్నా వైరు కట్టడానికి చెట్టు లేదని, బ్యాటరీ మధ్యలో చచ్చిపోయిందని, రేడియోలో ఇద్దరిని మాత్రమే అందుకుని, అంటే రెండు కాంటాక్టులతో దిగొచ్చానని రాశారు. సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్‌లో (శిఖరాల మీంచి హ్యామ్ రేడియో నడిపే కార్యక్రమం, పొట్టిగా సోటా) పాయింట్లు రావాలంటే నాలుగు కావాలి కదా, ఆ ఉసూరుమనడం నాకూ అనుభవమే.

ఆ ఎత్తులో చెట్టు దొరకదండీ. ఆరు మీటర్ల ఫైబర్‌గ్లాస్ పోల్ తీసుకెళ్లి రాళ్ల మధ్య నిలబెట్టండి. డైపోల్ (మధ్య నుంచి రెండు వైపులా సమానంగా సాగే వైరు యాంటెన్నా) మధ్యభాగాన్ని పోల్ కొసకు కట్టి, రెండు చివరలనూ కిందికి వాల్చి రాళ్లకు కట్టేయండి. 20 మీటర్ల తరంగదైర్ఘ్యపు బ్యాండ్‌కి ఒక్కో వైపు దాదాపు 5 మీటర్ల వైరు చాలు. సరిగ్గా శిఖరం కొసనే కూర్చోనక్కర్లేదు. నిలువు ఎత్తులో 25 మీటర్ల కిందివరకూ చెల్లుతుంది కాబట్టి గాలి తగలని చోటు చూసుకోండి.

బ్యాటరీ పాడై ఉండకపోవచ్చు. చలికి లిథియం బ్యాటరీ ఉన్న ఛార్జ్‌నంతా ఇవ్వదు. పైకి చేరేదాకా జాకెట్ లోపల, ఒంటికి ఆనించి ఉంచండి.

అసలు పొరపాటు ఇంకోటి అనుకుంటా. సోటావాచ్‌ వెబ్‌సైట్లో ముందురోజే, ఫలానా శిఖరం ఎక్కుతున్నానని అలర్ట్ పెట్టారా? పెట్టకుండా సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) పిలవడమంటే శుభలేఖలు పంచకుండా పెళ్లి వంట చేయడమే! ఫోన్ సిగ్నల్ ఉంటే పైనుంచి స్పాట్ (ఇప్పుడు ఫలానా ఫ్రీక్వెన్సీలో ఉన్నానన్న కబురు) కూడా అక్కడే పెట్టండి, పిలిచేవాళ్లు వాళ్లే వస్తారు. చేతి రేడియో ఉంటే 146.52 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం కూడా ప్రయత్నించండి.

వేసవిలో అక్కడ మధ్యాహ్నం పిడుగులు మామూలే. మబ్బు పట్టినా, వైరు జుయ్యిమన్నా, నాలుగో కాంటాక్టు కోసం ఆగకుండా పోల్ దించేసి దిగిపోండి.